స్నేహితులంతా వెళ్ళిపోయిన ఊళ్ళో ఒక ఏడాది

ప్రశ్న: నాకు 22 ఏళ్ళు. మాది రాజమండ్రి. ఈ ఏడాదే బీటెక్ అయిపోయింది. అమెరికాలో ఎమ్మెస్‌కి అడ్మిట్ వచ్చింది కానీ వీసా స్లాట్ దొరక్క వచ్చే ఆగస్టుకి వాయిదా వేయించుకున్నాను. మా గ్యాంగ్‌లో కొందరు డాలస్ వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళు హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాల్లో ఉన్నారు. నేనొక్కదాన్నే ఇంట్లో మిగిలాను. రాత్రి రెండింటిదాకా వాళ్ళతో ఫోన్లో ఉంటాను, పొద్దున పదకొండింటికి లేస్తాను. బయటికెళ్తే ‘ఇంకా వెళ్ళలేదా?’ అని అడుగుతారని మా మేనత్త కూతురి పెళ్ళి కూడా ఎగ్గొట్టాను. ఉద్యోగానికి అడిగితే ‘కొన్ని నెలల్లో వెళ్ళిపోతావుగా’ అంటున్నారు. ఖాళీగానే ఉంది కదా అని అమ్మ సంబంధాల మాట ఎత్తుతోంది. సాయంత్రం ఆరు దాటితే నాన్న ఒక్కదాన్నీ పంపరు. ఈ ఏడాది పిచ్చెక్కకుండా ఎలా గడపాలి? కొత్తవాళ్ళు ఎక్కడ పరిచయమవుతారు?
– రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: మా అమ్మాయి ఈడుదానివి, అందుకని ‘నువ్వు’ అనే రాస్తాను.

ముందు వీసా సంగతి. 2025 మే నెలాఖరులో అమెరికా కాన్సులేట్లు స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూలకు కొత్త అపాయింట్‌మెంట్లు ఇవ్వడం ఆపేశాయి. జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాయి కానీ అప్పటికే ఆగస్టు నెత్తి మీదకొచ్చింది. స్లాట్ కోసం అర్ధరాత్రిళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని, దొరక్క ఆగిపోయినవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనే చాలామంది ఉన్నారు. ఇందులో నీ తప్పు రవ్వంత లేదు. తప్పు చేయనిదానివి దాక్కోవడం ఎందుకు? నువ్వు పెళ్ళికి వెళ్ళకపోతే ‘ఇంకా వెళ్ళలేదా’ అనేవాళ్ళు అడగడం మానలేదు, నిన్ను కాకుండా మీ అమ్మని అడిగి ఉంటారు. నీకు మాత్రం గోదావరి జిల్లా పెళ్ళి భోజనం పోయింది.

ఆ ప్రశ్నకి బెంగపడకు. మనవాళ్ళ నోట అది ‘భోజనం అయిందా’ లాంటి పలకరింపు, అంతే. సగం మంది జవాబు వినేలోపే పక్కవాళ్ళ వైపు తిరుగుతారు. ఆగి వినేవాళ్ళ కోసం రెండు ముక్కల జవాబు ఒకటి తయారుగా ఉంచుకో. ‘వచ్చే ఆగస్టుకి మారింది పిన్నీ. ఈలోపు ఫలానా పని చేస్తున్నాను.’ అడిగినవాళ్ళు ఎప్పుడూ రెండో ముక్కనే పట్టుకుంటారు. ‘అవునా, ఎక్కడ? మా వాడికీ చెప్పకూడదూ’ అంటారు, వీసా మాట అక్కడితో పోతుంది. ప్రస్తుతం నీ ఇబ్బందల్లా ఆ రెండో ముక్క లేకపోవడమే.

ఇక మనుషులు. పుష్కర ఘాట్ మీద సాయంత్రం నిలబడితే వందల మంది కనిపిస్తారు, ఒక్కరూ పరిచయం కారు. జనం ఉన్నచోటు కోసం వెతక్కు. ఒకరోజు నువ్వు రాకపోతే ‘ఏమ్మా, నిన్న రాలేదే’ అని అడిగే మనిషి ఉన్న చోటు వెతుక్కో. కాలేజీలో ఈ ఏర్పాటు నీ ప్రమేయం లేకుండానే జరిగిపోయింది. అదే బస్సు, అదే బెంచీ, అదే క్యాంటీన్ టీ. నాలుగేళ్ళలో స్నేహాలు వాటంతటవే కుదిరాయి కాబట్టి, అవి ఎలా కుదిరాయో నువ్వు గమనించి ఉండవు. వారంలో అదే రోజు, అదే వేళ, అదే నలుగురితో, చేతిలో ఏదో ఒక పని. ఇన్నీ కలిస్తే స్నేహం కుదురుతుంది. ఇప్పుడు వాటిని నువ్వే పూనుకుని ఏర్పాటు చేసుకోవాలి.

ఇంకో విషయం మొహమాటం లేకుండా చెప్తాను. నీ ఈడువాళ్ళు నీ ఊళ్ళో పెద్దగా దొరకరు. రాజమండ్రి ఒక్కటే కాదు, మన పట్నాలన్నిట్లోనూ చదువైపోయిన ఇరవై రెండేళ్ళవాళ్ళు హైదరాబాద్ రైలెక్కేస్తారు. కాబట్టి నలభై ఏళ్ళ ఆవిడతో, డెబ్బై ఏళ్ళ మాస్టారితో, పదహారేళ్ళ పిల్లతో స్నేహం చేయడానికి సిద్ధపడు. మొదట విసుగనిపిస్తుంది. నెల తిరిగేసరికి నీకే తెలుస్తుంది, వాళ్ళెవరూ నిన్ను ఎవరితోనూ పోల్చరు. నీ క్లాస్‌మేట్‌కి ప్యాకేజీ ఎంతో వాళ్ళకి అనవసరం.

నన్నడిగితే షటిల్ కోర్టుతో మొదలుపెట్టమంటాను. ఇప్పుడు ప్రతి పట్నంలోనూ రేకుల షెడ్డు కింద ఇండోర్ కోర్టులు ఉన్నాయి, నెలవారీ ఫీజు కట్టాలి. తెల్లవారుజామున వచ్చేది ఆఫీసులకూ షాపులకూ వెళ్ళే మగవాళ్ళ బ్యాచ్, వాళ్ళ ఆట సీరియస్‌గా ఉంటుంది. నువ్వు పిల్లల్ని స్కూలు బస్సెక్కించి వచ్చే ఆడవాళ్ళ బ్యాచ్ ఏ వేళకి ఉందో కనుక్కో. లేకపోతే ‘ఇంకెవరైనా అడిగితే నా నంబరు ఇవ్వండి’ అని కోచ్‌కి చెప్పి రా. రాకెట్ ఖరీదైనది కొనకు, ఆట వచ్చాక కొనొచ్చు. కాక్‌ల డబ్బు అందరూ పంచుకుంటారు, నీ వాటా ఠంచనుగా ఇచ్చెయ్, సగం మర్యాద అక్కడే దక్కుతుంది. షటిలే ఎందుకంటున్నానంటే డబుల్స్‌కి నలుగురు కావాలి. ముగ్గురు వచ్చి నువ్వు రాకపోతే ఆట ఆగిపోతుంది. ‘ఎక్కడున్నావ్? బయల్దేరావా లేదా?’ అని ఫోనొస్తుంది. పొద్దున తొమ్మిదింటికి ఒకరు నీ కోసం విసుక్కుంటున్నారంటే రాత్రి రెండింటిదాకా మేలుకోవడం దానంతటదే తగ్గుతుంది. జిమ్ మాత్రం వద్దు. అక్కడ అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి మానాన వాళ్ళు ఉంటారు. షటిల్ పడకపోతే కోలాటం నేర్పేచోటికి వెళ్ళు, పక్కవాళ్ళు లేనిదే అదీ సాగదు.

ఇవన్నీ పగటి పనులే కాబట్టి నాన్న ఆరింటి రూలుతో ఇప్పుడే పోట్లాడక్కర్లేదు. వచ్చే ఆగస్టులో ఒక్కదాన్నే అమెరికా విమానం ఎక్కించబోయే నాన్న ఇప్పుడు ఆరు దాటితే వీధి చివరికి పంపరు. మన నాన్నలంతే, వాదించి లాభం లేదు. రెండు నెలలు నువ్వు ఫలానా చోటికి వెళ్ళి ఫలానా వేళకి వస్తున్నావని ఆయన కళ్ళతో చూశాక, ‘ఈరోజు ఏడవుతుంది నాన్నా’ అంటే తల ఊపుతారు.

గౌతమీ గ్రంథాలయానికి ఎప్పుడైనా వెళ్ళావా? వందేళ్ళు దాటిన చరిత్ర, తాళపత్రాలతో సహా ఉన్నాయి అక్కడ. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళే చాలామంది లోపలికి అడుగుపెట్టి ఉండరు. (దామెర్ల రామారావు చిత్రశాలకీ ఇదే గతి. ఆయన 1925లో, ముప్ఫై నిండకుండానే పోయాడు. ఆ బొమ్మల్ని చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు, మనం బయటి నుంచి బోర్డు చూసి వెళ్ళిపోతాం.) గ్రంథాలయం మాట ఎత్తింది పుస్తకాల కోసమే కాదు. నీ ఈడువాళ్ళు ఊళ్ళో లేరన్నాను కదా, కాస్తో కూస్తో మిగిలినవాళ్ళు కనిపించేది ఇలాంటి చోట్లే. గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ, డీఎస్సీకీ చదివేవాళ్ళు పేపర్ల కోసం, కూర్చోడానికి ఇంత చోటు కోసం గ్రంథాలయాలకి వస్తారు. వాళ్ళూ పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసినవాళ్ళే, ‘ఇంకా ఉద్యోగం రాలేదా?’ అని అడుగుతారని. నీ బాధ వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. నీకు ఇంగ్లీషూ లెక్కలూ బాగా వచ్చు, వాళ్ళకి కావాల్సిందీ అవే. ‘రీజనింగ్ లెక్కలు నేను చెప్తాను, నాకు కరెంట్ అఫైర్స్ మీరు చెప్పండి’ అని బేరం పెట్టి చూడు. మొదటిరోజే వద్దు, నాలుగైదుసార్లు మొహాలు చూసుకున్నాక.

అక్కడి నుంచే ఇంకో దారి ఉంది. చూపు లేని విద్యార్థులు, ఉద్యోగ పరీక్షలకి చదివేవాళ్ళు ప్రతి పట్నంలోనూ ఉంటారు. వాళ్ళకి పరీక్షలో రాసిపెట్టే మనిషి కావాలని వినే ఉంటావు. అయితే రాసేవాళ్ళ చదువు పరీక్ష రాయించేవాళ్ళ చదువు కంటే తక్కువ ఉండాలనే నిబంధన చాలా పరీక్షల్లో ఉంటుంది. బీటెక్ అయిన నువ్వు డిగ్రీ పిల్లలకి రాయడం కుదరకపోవచ్చు. కంగారు లేదు, వాళ్ళకి ఏడాది పొడుగునా కావాల్సింది చదివి వినిపించేవాళ్ళు. పుస్తకం బిట్లు బిట్లుగా చదివి ఫోన్లో రికార్డు చేసి పంపాలి. దానికి ఏ నిబంధనా లేదు. ఓ చిన్న కిటుకు: అధ్యాయం మొత్తం ఒకే ఫైలు చేయకు, ఒక్కో శీర్షిక ఒక్కో ఫైలుగా పెట్టి, మొదట్లోనే పుట సంఖ్యా శీర్షికా పలుకు. అప్పుడు వాళ్ళకి కావాల్సింది వెతుక్కోవడం తేలిక. పటాలనీ పట్టికలనీ ‘ఇక్కడో పట్టిక ఉంది’ అని దాటేయకుండా అడ్డవరుసల వారీగా చదువు. దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో గానీ అంధుల హాస్టల్లో గానీ అడుగు, మొదటిసారి అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్ళు. వాళ్ళకీ ధైర్యం, అవతలివాళ్ళకీ నమ్మకం.

ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చునే రోజులూ ఉంటాయి. వాటికి తెలుగు వికీసోర్స్ సంగతి చెప్తాను. కాపీరైటు తీరిపోయిన పాత తెలుగు పుస్తకాల్ని స్కాన్ చేసి, అందులోని పాఠాన్ని వెతుక్కోవడానికి వీలుగా టైపు రూపంలోకి తెచ్చే చోటు అది. తెర మీద ఒకవైపు పాత పుట బొమ్మ ఉంటుంది, ఇంకోవైపు దాన్ని చూసి కంప్యూటర్ చదివిన అక్షరాలు ఉంటాయి. పాత అచ్చు కదా, కంప్యూటర్ ‘మ’ని ‘వు’ అనుకుంటుంది, అరసున్నని నిండుసున్న చేస్తుంది, వత్తుల్ని మింగేస్తుంది. నువ్వు బొమ్మ చూస్తూ ఒక్కొక్కటీ దిద్దుతావు. దిద్దడం అయ్యాక ఆ పుట గుర్తు ఎరుపు నుంచి పసుపుకి మారుతుంది. ఆకుపచ్చ కావాలంటే మాత్రం రెండో మనిషి వచ్చి, చదివి, సరే అనాలి. నీ పుటని నువ్వే పచ్చ చేసుకోలేవు. నాకు అందులో బాగా నచ్చింది ఇదే. ఆ రెండో మనిషి రిటైరైన మాస్టారు కావచ్చు, ఇంకెక్కడో ఉద్యోగం చేసుకుంటున్న ఇంజనీరు కావచ్చు. చర్చ పేజీలో అందరూ ఒకరినొకరు ‘గారు’ అనే పిలుచుకుంటారు. నిన్నూ అలాగే పిలుస్తారు, మొదట్లో నవ్వొస్తుంది. వాళ్ళు అప్పుడప్పుడూ ముఖాముఖి కూడా కలుస్తారు. తెలుగు వికీపీడియాకి ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంగా 2024 జనవరిలో విశాఖపట్నంలో కలిశారు. రోజుకి రెండు పుటలు చాలు. ఒకేరోజు నలభై పుటలు దిద్ది వారం కనపడకుండా పోయేవాళ్ళకి అక్కడ ఎవరూ దగ్గర కాలేరు.

పక్షులంటే ఇష్టముంటే ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా జరిగే పక్షుల లెక్కింపు ఉంటుంది. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనిపించినవి లెక్కపెట్టి ఈబర్డ్ యాప్‌లో ఎక్కించడమే. మెర్లిన్ అనే యాప్ కూత విని పిట్ట పేరు చెప్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర పొద్దున పూట నీటికాకులూ లకుముకి పిట్టలూ ఉంటాయి, నాన్నని బండి మీద తీసుకెళ్ళమను. ఆయనతో మాట్లాడటానికీ ఓ వంక దొరుకుతుంది.

ఇప్పుడు డాలస్ స్నేహితులు. వాళ్ళని వదులుకోమని నేను చెప్పను, ఫోన్ వేళ మార్చు. మనకి రాత్రి పన్నెండైతే వాళ్ళకి పట్టపగలు, క్లాసుల మధ్యలో నీతో ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంటారు. వాళ్ళ టైము మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. వాళ్ళకి రాత్రి తొమ్మిదైతే మనకి పొద్దున ఏడున్నరో ఎనిమిదిన్నరో అవుతుంది. వంట చేసుకుని, తిని, అప్పుడే తీరిగ్గా కూర్చుంటారు. వారానికి రెండు పొద్దుటిపూటలు వాళ్ళతో కాఫీ తాగుతూ మాట్లాడు. రాత్రిళ్ళు స్టేటస్‌లూ స్టోరీలూ చూస్తూ పడుకోవడం కంటే ఆ అరగంటలో నీకు వాళ్ళ అసలు సంగతులు తెలుస్తాయి. రూమ్మేట్ గొడవలు, పార్ట్‌టైమ్ కష్టాలు, అమ్మ పప్పు మీద బెంగ, ఇవేవీ స్టోరీల్లో పెట్టరు కదా.

ఉద్యోగం మాట. ఎనిమిది నెలలకి పెద్ద కంపెనీలు తీసుకోవు, వాళ్ళ బాధ వాళ్ళది. ఊళ్ళోనే చిన్న కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌గానో, స్కూల్లో కంప్యూటర్ టీచర్‌గానో, తెలిసినవాళ్ళ షాపు లెక్కలు కంప్యూటర్‌కి ఎక్కించే పనో అడుగు. ‘జూలైదాకా ఉంటాను’ అని మొదటే చెప్పు. జీతం తక్కువే ఉంటుంది, అయినా నీ చేతి డబ్బు నీకుంటుంది. రెండు వలల్లో మాత్రం పడకు. డబ్బు కడితే ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తామనే కన్సల్టెన్సీలు ఉంటాయి. వీసా కిటికీ దగ్గర అబద్ధం బయటపడితే ఈ ఒక్క ఏడాదితో పోదు. ఖాళీ ఏడాదిని ఖాళీ అని చెప్పడంలో నేరం లేదు. రెండోది టెలిగ్రామ్‌లో ‘రోజూ నాలుగు రేటింగ్‌లు ఇవ్వండి, ఇంటి నుంచే సంపాదించండి’ అనే మెసేజ్. మొదట నీ ఖాతాలో కొంచెం డబ్బు వేస్తారు, తర్వాత నీ చేత వేయించుకుంటారు. ఇంట్లో ఒంటరిగా కూర్చున్న చదువుకున్న పిల్లలే వాళ్ళకి దొరుకుతున్నారు. ఒకవేళ పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్.

కోర్సులు ఒకటి చాలు. జనవరిలో ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) కోర్సులు మొదలవుతాయి, పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. నీ ఎమ్మెస్‌కి పనికొచ్చేది ఒక్కటి తీసుకో. ఆరు తీసుకుంటే ఆరూ మూడో వారంలో ఆగుతాయి. వంటా డ్రైవింగూ నేర్చుకోమని ఇంట్లో ఎలాగూ చెప్తూనే ఉంటారు, మళ్ళీ నేను చెప్పను. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) తీసుకున్నాక నెల ఆగితే గానీ టెస్టు ఉండదు, దాని గడువు ఆరు నెలలే, అది మాత్రం గుర్తుంచుకో.

అమ్మ సంబంధాల మాట. నాకు అర్థమైనంతలో ఆవిడకి నీ పెళ్ళి తొందర లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి జుట్టు విరబోసుకుని ఫోన్ పట్టుకుని కూర్చున్న కూతుర్ని చూస్తే తోచక, తనకి తెలిసిన దారి తను చెప్తోంది. నీకు ఒక వేళా పనీ ఏర్పడితే ఆ మాట తగ్గుతుంది. తగ్గకపోతే, అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నప్పుడు కూర్చోబెట్టి, ‘నా ఎమ్మెస్ అయ్యేదాకా ఫొటోలు ఎవరికీ పంపొద్దు’ అని ఒక్కసారి నెమ్మదిగా, స్పష్టంగా చెప్పు. రోజూ అలగడం వల్ల పని జరగదు.

ఒక జాగ్రత్త. రెండు మూడు వారాలుగా నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఇష్టమైనవి కూడా రుచించకపోవడం ఉంటే, ఇవన్నీ పక్కన పెట్టి 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అనే ప్రభుత్వ సర్వీసు అది, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆఖరున కాగితాల పని, ఇది ఈ వారమే చెయ్. జీఆర్ఈ స్కోరు అయిదేళ్ళు చెల్లుతుంది, ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్ళే. నువ్వు 2024 వేసవిలో రాసి ఉంటే నీ ఆగస్టు రాకముందే గడువు తీరిపోతుంది, మళ్ళీ పంపాలా అని యూనివర్సిటీకి ఇప్పుడే మెయిల్ పెట్టు. కొత్త ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) వచ్చాక దాని మీద సెవిస్ నంబరు, అంటే అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థులకిచ్చే రికార్డు నంబరు, పాతదేనా చూడు. మారి ఉంటే, ముందు కట్టిన 350 డాలర్ల సెవిస్ ఫీజు సంగతి అదే మెయిల్లో అడుగు. లోను శాంక్షన్ లెటర్‌కి కూడా గడువు ఉంటుంది, దాని గురించి బ్యాంకు వాళ్ళని ఫోన్లో అడగకు, సోమవారం పొద్దున షటిల్ అయ్యాక బ్రాంచికే వెళ్ళి కనుక్కో.